కదపొద్దన్న ఆంటీ

సింగపూర్ ఆంగ్ మో కియోలో మా ఎదురు ఫ్లాట్ ఆంటీ పోయారు. చెల్లెలి కూతురి పెళ్లికని ఒంగోలు వెళ్లారు. తిరుగు ప్రయాణంలో హైవే మీద కారును లారీ గుద్దింది. ఆవిడ మేనల్లుడు ఫోన్ చేసి చెబితే నమ్మబుద్ధి కాక, తలుపు తీసి ఎదురు తలుపు వంక చూశాను. తాళం వేసి ఉంది. మీలో చాలామందికి ఆవిడ తెలియదు. నాకు తెలిసినంత చెప్పకపోతే మనసు కుదుటపడేలా లేదు.

ఆంటీ చాలా ఏళ్ల కిందటే ఇక్కడికొచ్చి, ఆసుపత్రి ఎమర్జెన్సీ వార్డులో నర్సుగా పనిచేశారు. నేనేమో కంప్యూటర్లకు రెండువేల సంవత్సరం భయం పట్టిన రోజుల్లో సైన్స్ పార్క్‌లో ఉద్యోగానికి దిగినవాణ్ణి. వంట రాదు. కనబడగానే "మకాన్ అయిందా?" అని అడిగేవారు, అంటే భోజనం. కాలేదంటే తిట్టేవారు, అయిందంటే నమ్మేవారు కాదు. ఎటు తిరిగీ గిన్నెడు పప్పు మా ఇంటికి వచ్చేది.

ఆ పప్పు తిన్నందుకు ఆదివారం పని ఉండేది. నన్ను వెంటబెట్టుకుని తువాస్ వెళ్లేవారు. షిప్‌యార్డుల్లో పనిచేసే మనవాళ్ల డార్మిటరీ అక్కడ ఉంది. నన్ను సిమెంటు నేల మీద పడుకోబెట్టి, "వీడికి యాక్సిడెంట్ అయిందిరా. సాఫ్ట్‌వేర్ వాళ్లు కదా, పడుకోవడం బాగా వచ్చు" అనేవారు. అందరూ నవ్వేవారు. అప్పుడు నా తల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, తల కదలకుండా రెండు చేతులతో పట్టుకునేవారు.

"ఇంతే. అంబులెన్సుకి ఫోన్ చెయ్యండి, తల ఇలా పట్టుకోండి, కబుర్లు చెప్పండి. లాగొద్దు, ఎత్తొద్దు, నీళ్లు పొయ్యొద్దు. చేతులకి కాదురా, నోటికి పని చెప్పండి."

ఆవిడ అరచేతులు ఎప్పుడూ చల్లగా ఉండేవి.

ఈ పాఠం ఊరికే మొదలవలేదు. ఇక్కడ మనవాళ్లను పనికి తీసుకెళ్తున్న లారీ ఒకటి ఎక్స్‌ప్రెస్‌వే మీద బోల్తా పడింది. వెనక కూర్చున్న శ్రీకాకుళం కుర్రాణ్ణి స్నేహితులు చంకల్లో చేతులేసి బయటికి లాగి, నీళ్లు తాగించి, ఇంకో లారీలో వేసుకుని ఆసుపత్రికి తెచ్చారు. ఊళ్లో ఎవరు పడ్డా మనం చేసేది అదే కదా. అంబులెన్సు అప్పటికే బయల్దేరి వస్తోంది. ఆగి ఉంటే సరిపోయేది. వెన్ను విరిగి ఉన్న మనిషిని లాగడంతో లోపలి నరం నలిగిపోయింది. కుర్రాడు బతికాడు గానీ మళ్లీ నిలబడలేదు. వార్డులో వాణ్ణి చూసుకున్నది ఆంటీయే.

ఒకసారి డార్మిటరీలో కరీంనగర్ అతనొకడు అడిగాడు. "అమ్మా, ఈడ అయితె బండి వస్తది. మా దిక్కు గిట్ల పట్టుకొని కూసుంటె ఎవలొస్తరు? ఆడనే పాణం పోతది."

"అక్కడ కూడా రావాలిరా, రావాలి" అన్నారు ఆంటీ. తిరిగొచ్చేటప్పుడు బస్సులో కిటికీ వైపే చూస్తూ కూర్చున్నారు.

మిగతాది మేనల్లుడు నిన్న చెప్పాడు. ఆ కారులో అతనూ ఉన్నాడు, చెయ్యి విరిగింది. కారు నుజ్జయినా ఆంటీకి స్పృహ ఉంది. "కదపొద్దు బాబూ, కదపొద్దు" అంటూనే ఉన్నారట. చుట్టూ చేరినవాళ్లు మంచివాళ్లు. పాపం నొప్పికి భయపడుతోంది అనుకున్నారు. నలుగురు కాళ్లూ చేతులూ పట్టుకుని ఎత్తి, ఆటోలో కూర్చోబెట్టారు. ఆవిడ తల ఒక పక్కకి వాలిపోయింది. దారిలో మాట ఆగింది, తర్వాత ఊపిరి.

కదపకుండా ఉంచితే మాత్రం ఎవరు వచ్చేవారు? అక్కణ్ణుంచి ఈమెయిల్ క్షణంలో సింగపూర్ చేరుతుంది. అంబులెన్సు మాత్రం పక్క ఊరికి వేళకి రాదు. నాకు ఒళ్లు మండిపోతోంది. ఎవర్ని తిట్టాలో తెలియడం లేదు.

ఆ ఆటో డ్రైవరు సాయంత్రం దాకా ఆసుపత్రి మెట్ల మీదే ఉన్నాడట. మేనల్లుణ్ణి చూడగానే లేచొచ్చి, చేతులు జోడించి ఏడ్చాడట. "ఆ గుంతల్లో ఇంకాస్త స్పీడుగా తోలుంటే అమ్మ బతికేదేమో సార్" అన్నాడట. మేనల్లుడు కట్టు కట్టిన చేత్తో ఆ మెట్టు మీదే అతని పక్కన కూర్చుండిపోయాడట.