తాతయ్య ఒప్పుకున్న కాలీఫ్లవర్ గుజ్జు

నా చిన్నప్పుడు నాతో వాదనకు దిగి నెగ్గినవాళ్లు పెడనలో మా వీధి మొత్తానికి ఒక్కరూ లేరు. గొప్పకు చెప్పడం లేదు, మా అమ్మ ఇప్పటికీ చేసే ఫిర్యాదు ఇది. ఈమధ్య మా అమ్మాయి ఫోనులో తెల్లకోటు వేసుకున్న విదేశీయుడెవరో కాలీఫ్లవర్‌ను ఉడికించి, వెల్లుల్లి వేసి, వెన్నలా గుజ్జు చేసి, పైన నాలుగు ఆకులు చల్లి తనే కనిపెట్టినట్టు మురిసిపోతున్నాడు. ఇంతోటి దానికి ఇంత ఆర్భాటమా అన్నాను. అన్నానే గానీ, ఆ తెల్లటి గిన్నె చూడగానే ఎనిమిదేళ్ల వయసులో నేను చూసినదేదో కళ్ల ముందు నిలబడింది. వీడియో మళ్లీ మొదటి నుంచి పెట్టమన్నాను. వెక్కిరించినదాన్ని నేనే మళ్లీ చూస్తాననడం మా ఇంట్లో మామూలు విషయం కాదు కాబట్టి అమ్మాయి ఫోను పక్కన పడేసి ఏమైందని అడిగింది. దానికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

మా తాతయ్య కలంకారీ అద్దకంలో రంగుల మేస్త్రి. గుడ్డ మీద చెక్క అచ్చులు కొట్టేవాళ్లు మా షెడ్డులో చాలామంది ఉండేవారు. ఆ అచ్చు ముంచే రంగుముద్ద కుదిరిందో లేదో తేల్చడం మాత్రం ఆయన ఒక్కరి పనే. పటిక, తుమ్మజిగురు కలిపిన ముద్దను కుడిచేతి బొటనవేలికీ నడిమివేలికీ మధ్య రాసి, వేళ్లు మెల్లగా విడదీసి పదును చూసేవారు. పలచనైతే అచ్చులోని పువ్వు గుడ్డ మీద పాకిపోతుంది. మరీ చిక్కనైతే రేకుల మధ్య గీతలు పూడిపోతాయి. చిన్న పలుకు తగిలినా పువ్వు మీద మచ్చ పడుతుంది. ఆయన వేళ్లు విడదీసి తల ఊపితేనే షెడ్డులో పని మొదలయ్యేది. అప్పటిదాకా మా నాన్నయినా సరే, అచ్చు పట్టుకుని నిలబడాల్సిందే.

నాకు ఎనిమిదేళ్లున్న ఆ చలికాలం తాతయ్యకు పక్షవాతం వచ్చింది. కుడిపక్కంతా పడిపోయింది, మాట పోయింది. బందరు ఆసుపత్రిలో సెలైన్ల మీద ఉంచి, కాస్త కుదుటపడ్డాక ఇంటికి పంపారు. పంపేటప్పుడు డాక్టరుగారు మరీ మరీ చెప్పారట. నీళ్లలాంటివి పట్టిస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి, గట్టివి పెడితే గొంతులో అడ్డం పడతాయి, పలుకు లేకుండా చిక్కగా, మెత్తగా ఉన్నదే పెట్టాలి అని. నానమ్మ అన్నం పేస్టులా మెదిపి తెచ్చింది. అమ్మ పప్పు వడగట్టి తెచ్చింది. తాతయ్య పెదాలు బిగించి మొహం గోడవైపు తిప్పుకునేవారు. రెండు రోజులు అలాగే గడిచాయి. సాయంత్రానికి కూడా తినకపోతే తీసుకొచ్చెయ్యండి, ముక్కులోంచి గొట్టం వేద్దామని డాక్టరుగారు కబురు చేశారు. నాన్న వెళ్లి సాయంత్రానికి రిక్షా మాట్లాడి వచ్చాడు.

ఇంట్లో అందరూ బతిమాలడమే గానీ సరిగ్గా వాదించినవాళ్లు లేరని నా బాధ. మంచం పక్కన నిలబడి వేళ్లు మడిచి చెప్పాను. "తాతయ్యా, నువ్వు తినకపోతే గొట్టం వేస్తారు. గొట్టం వేస్తే నొప్పి పుడుతుంది. తింటే గొట్టం ఉండదు, నొప్పీ ఉండదు. ఇందులో నేనన్నది తప్పేంటో చెప్పు!" తప్పేమీ లేదు. మాట పడిపోయిన మనిషిని జవాబు చెప్పమని నిలదీశాను, అంతే. ఆయన కంటి చివరి నుంచి నీళ్లు దిండు మీదకు జారాయి. నానమ్మ నా రెక్క పట్టుకుని వంటింట్లోకి లాక్కొచ్చింది.

అప్పుడే పెరటి గుమ్మంలోంచి పక్కింటి అక్క వచ్చింది. తను పెళ్లికి ముందు బందరులో నర్సుల హాస్టల్లో వంట చేసింది. అక్కడ రొట్టెల్లోకి నంజుకోవడానికి చేసే కాలీఫ్లవర్ గుజ్జు ఒకటి నేర్చుకుంది. చేతిలో రెండు పెద్ద పువ్వులు పట్టుకుని నిలబడింది.

"ఆ పురుగుల పువ్వా? ఆయన దాని మొహం కూడా చూడరమ్మా," అంది నానమ్మ.

"చూడక్కర్లేదు పెద్దమ్మగారూ, ముట్టుకుంటే చాలు," అంది అక్క.

ఆ మాట మాకెవరికీ అర్థం కాలేదు. అక్క మాత్రం ఒక పువ్వులో సగం తీసుకుని, చిన్న చిన్న రెమ్మలుగా విడదీసి, ఉప్పువేసిన వేడినీళ్లలో కాసేపు ఉంచి, పాలూ నీళ్లూ కలిపి ఉడికించి, రుబ్బురోట్లో వేసి రుబ్బింది. పసుపు పడనివ్వలేదు. ఆ ముద్దను గిన్నెలోకి తీసుకుని, చెంచా తీసుకోకుండా మంచం దగ్గరకు వెళ్లి కూర్చుంది. గిన్నె తాతయ్య ఎడమచేతి కింద పెట్టి, షెడ్డులో పనివాళ్లు అడిగినట్టే అడిగింది. "పెదనాన్నగారూ, ముద్ద కలిపాను. పదును చూసి చెప్పండి."

"అక్కా, అది తినేది! రంగు కాదు!" అన్నాను.

"నువ్వు కాస్త నోరు మూసుకోవే తల్లీ."

తాతయ్య గోడవైపు నుంచి మొహం ఇటు తిప్పారు. గిన్నె వంక చాలాసేపు చూశారు. ఎడమచెయ్యి మెల్లగా లేచి గిన్నెలో మునిగింది. బొటనవేలూ నడిమివేలూ రాసుకుని, విడివడ్డాయి. గుజ్జు వాటి మధ్య నిలవకుండా కారిపోయింది. ఆయన తల అడ్డంగా కదిలింది. కదిలీ కదలనట్టు, అంతే. ఇన్ని రోజుల్లో ఎవరికైనా ఆయన ఇచ్చిన మొదటి జవాబు అది. అక్క మొహం వెలిగిపోయింది. "పలచనైందంటున్నారు!" అంటూ వంటింట్లోకి పరుగెత్తింది.

ఈసారి ఆ పువ్వులో మిగతా సగాన్ని నీళ్లు తగలకుండా ఇడ్లీపాత్రలో ఆవిరి మీద ఉడికించింది. ఇనుపమూకుట్లో నెయ్యి వేసి, వెల్లుల్లి రెబ్బలు చిన్న సెగ మీద బంగారు రంగు వచ్చేదాకా, వేలితో నొక్కితే నలిగేదాకా మగ్గనిచ్చింది. అందులోనే వాము ఆకులు, కొత్తిమీర కాడలు వేసి, వాసన నెయ్యికి పట్టగానే తీసి పారేసింది. ఆకు ముక్క గొంతులో తగిలితే ప్రమాదమట. అన్నీ రుబ్బాక, పలుకు ఉండకూడదు, శుభ్రమైన గుడ్డ ఏదైనా పట్రమ్మని నన్ను తరిమింది.

మా ఇంట్లో గుడ్డకు కరువా! షెడ్డులోకి దూరి, అచ్చు పడని కొత్త గుడ్డ ముక్క ఒకటి లాక్కొచ్చాను. లేత పసుపు రంగులో ఉంది. అద్దకానికి ముందు గుడ్డను కరక్కాయ నీళ్లలో నానబెట్టి ఎండబెడతారు, ఆ రంగు అదేనని నాకు తెలుసు. కరక్కాయ మందేగా, దగ్గొస్తే బుగ్గన పెట్టుకోమంటారుగా, ఏమవుతుందనుకున్నాను. పొయ్యి దగ్గర పొగలో అక్క సరిగ్గా చూడలేదు. వేడి గుజ్జును అందులోంచి పిండి, మూకుట్లో మిగిలిన నెయ్యిలో వేసి ఇనుప గరిటెతో కలిపింది.

తెల్లటి గుజ్జులో ముందు ఒక బూడిదరంగు గీత కనబడింది. గరిటె తిరిగిన చోటల్లా అది పాకింది. చూస్తుండగానే మొత్తం వానాకాలపు మబ్బులా అయిపోయింది. "ఇదేంటే! ఏం గుడ్డ తెచ్చావే!" అక్కకు ఏడుపొక్కటే తక్కువ. "నువ్వు శుభ్రమైంది తెమ్మన్నావు. ఇది శుభ్రంగానే ఉంది! తెల్లది తెమ్మన్నావా?" అని గుడ్డ ఎత్తి చూపిస్తూ నేను మొదలుపెట్టాను.

మంచం వైపు నుంచి ఏదో శబ్దం వచ్చింది. గొంతులో ఇసుక కదిలినట్టు, తెగుతూ తెగుతూ వచ్చింది. అందరం భయపడి పరుగెత్తాం. వంటింటి గుమ్మంలోంచి తాతయ్యకు అన్నీ కనిపిస్తున్నాయి. ఆయన నవ్వుతున్నారు! సగం మొహంతోనే నవ్వుతూ, ఎడమచేత్తో ముందు నా చేతిలోని పసుపుగుడ్డను, తర్వాత పొయ్యి మీది ఇనుపమూకుడును చూపించి, రెండు వేళ్లు దగ్గరికి చేర్చారు. అప్పుడు తెలిసింది నాకు. ఇనుపముక్కలు బెల్లంనీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు కరక్కాయ గుడ్డ మీద అద్ది నలుపు పుట్టించడం ఆయన జన్మంతా చేసిన పని. అదే నలుపు మా వంటింట్లో, ఆయన తినాల్సిన గిన్నెలో పుట్టింది. మేం గొడవపడుతుంటే ఆయన మంచం మీద నుంచి ఒక్క చూపుతో కనిపెట్టేశారు. ఆయన దగ్గర ఏమీ మిగల్లేదని రెండు రోజులుగా అనుకుంటున్న మేమంతా అలాగే నిలబడిపోయాం.

రెండో పువ్వు ఇంకా ఉంది. అమ్మ తన పాత చీరముక్కను మరుగునీళ్లలో ఉతికి పిండింది. ఈసారి వెల్లుల్లి ఇత్తడిగిన్నెలో మగ్గింది. వడగట్టిన గుజ్జులో అక్క మీగడ, వెన్న, చిటికెడు ఉప్పు వేసి కవ్వంతో గిలకొట్టి మళ్లీ తీసుకెళ్లింది. "పదును చూడండి పెదనాన్నగారూ."

వేళ్లు మునిగాయి, రాసుకున్నాయి, విడివడ్డాయి. రెండు వేళ్ల మధ్య తెల్లటి కొన ఒకటి నిలబడి, మెల్లగా, ఎంతో మెల్లగా ఒంగింది. తాతయ్య ఆ కొన వంక చూసి తల ఊపారు. ఊపి, ఆ వేళ్లు నోట్లో పెట్టుకున్నారు. ఎడమచేత్తో గిన్నె అంచు తాకితేనే నా వేళ్ల మీద కొట్టే నానమ్మ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగింది. తాతయ్య మింగారు. దగ్గు రాలేదు. ఆ తర్వాత అక్క చెంచాతో పెడితే గిన్నె సగానికి పైగా తిన్నారు. బయట రిక్షా బెల్లు మోగితే నాన్న వెళ్లి, అక్కర్లేదని చెప్పి పంపించేశాడు.

నన్ను ఇప్పటికీ ఆశ్చర్యంలో ముంచేది ఆ ఎడమచెయ్యి. అది ఏనాడూ పదును చూడలేదు. నలభై ఏళ్లు రంగుపళ్లెం పట్టుకున్నదే గానీ, చూసిందంతా కుడిచెయ్యే. కుడిచెయ్యి పడిపోయిన రోజున, నేర్వని చెయ్యి మొదటిసారికే ఆ పని తప్పులేకుండా చేసింది. అదెలాగో చెప్పే పుస్తకాలు చదివాను. చదివాక కూడా ఆశ్చర్యం తగ్గలేదు.

పెద్దయ్యాక, డిగ్రీ చదువుతున్న పొగరులో, ఒకసారి అక్కతో అన్నాను, భలే నాటకం ఆడి తినిపించావని. అక్కకు కోపం వచ్చింది. "నాటకమేంటే? నాకు నిజంగానే తెలీదు. నేను హాస్టల్లో వండింది గొంతు బాగున్నవాళ్లకి. ఆ గొంతులోంచి ఎంత చిక్కనిది దిగుతుందో ఆయనకి కాక ఎవరికి తెలుస్తుంది? తెలీక అడిగాను."

నేను వాదించడం మానలేదు, మానను కూడా. కానీ నోరు బిగించుకుని గోడవైపు తిరిగిన మనిషి ఎదురైతే, మా అమ్మాయే కానీ ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లే కానీ, ముందు నా మాట ఆపుకుంటాను. నాకు నిజంగా తెలియనిది, ఆ మనిషికే తెలిసింది ఏముందా అని వెతుక్కుంటాను. ఒక్కోసారి దానికి రోజులు పడతాయి. దొరికాక అది అడిగి, ఆ జవాబు ఎంత ఆలస్యంగా వచ్చినా అక్కడే కూర్చుంటాను.