తాళ్లు కాదు, పడుగు

మా ప్లెయిన్స్‌బరో లైబ్రరీలో ఆ ఏడాది ఆరు శనివారాలు ఒక వర్క్‌షాప్ పెట్టారు. ఎవరైనా వాడుకోవచ్చని మ్యూజియంలు ఆన్‌లైన్‌లో పెట్టిన పాత ఫొటోలు, బొమ్మలు, మ్యాపులు తీసుకుని, వాటికి మన గొంతు జోడించి మూడు నిమిషాల కథ తయారు చేయడం నేర్పిస్తామన్నారు. నేను చేరడానికి పెద్ద కారణమేమీ లేదు. రోజంతా వేరేవాళ్లు రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడం నా ఉద్యోగం. సొంతంగా ఒక వస్తువు తయారు చేసి చాలా ఏళ్లయిందనిపించి పేరిచ్చాను.

నేర్పించింది అరవై దాటిన ఒక అమెరికన్ లైబ్రేరియన్. మొదటి వారమే అనుమతుల సంగతి చెప్పింది. కొన్ని ఫొటోలు ఎవరి సొత్తూ కావు, ఏమైనా చేసుకోవచ్చు. కొన్నిటిని మార్చుకోవచ్చు గానీ ఎవరివో చెప్పి తీరాలి. కొన్నిటిని ఉన్నవి ఉన్నట్టే వాడాలి. ఇవి గుర్తుంటే చాలు, మిగతాది మీ ఇష్టం అంది. అన్నీ శ్రద్ధగా రాసుకున్నాను.

ఒక మ్యూజియం సైట్‌లో నాకో ఫొటో దొరికింది. పొడవాటి వీధి, రెండు పక్కలా తాటాకు ఇళ్లు. వీధి మధ్యలో ఈ చివర నుంచి ఆ చివరిదాకా, నడుమెత్తున, బిగించి కట్టిన దారాల వరస. దానికి అటొకరు ఇటొకరు నిలబడి వంగి ఏదో చేస్తున్నారు. కింద ‘తాళ్లు పేనేవాళ్లు, దక్షిణ భారతం’ అని ఇంగ్లీషులో రాసి ఉంది. మార్చుకోవచ్చన్న అనుమతి కూడా ఉంది. నేను పుట్టి పెరిగింది హైదరాబాద్‌లో. తాళ్లు పేనడం నేనెప్పుడూ చూడలేదు. చూడని పని కాబట్టే కథ అల్లడం తేలికైంది. ఇంకో మ్యూజియం నుంచి ఓడల బొమ్మలు, మరోచోట నుంచి తీరప్రాంతపు మ్యాపు తెచ్చాను. దారాలకి నీలం రంగు వేశాను. అలల చప్పుడు పెట్టాను. ఒక కుటుంబం పేనిన తాళ్లు ఓడలెక్కి దేశాలు తిరిగినట్టు కథ చెప్పాను. లైబ్రేరియన్ చాలా మెచ్చుకుంది.

ఆఖరి శనివారం మధ్యాహ్నం అందరి కథలూ లైబ్రరీ హాల్లో వేశారు. మా అపార్ట్‌మెంట్స్‌లో కింది అంతస్తులో కూతురి దగ్గరికి వచ్చి ఉంటున్న ఒక పెద్దావిణ్ణి కూడా నా కార్‌లో తీసుకెళ్లాను. ఆవిడది చీరాల వైపు. సాయంత్రాలు వాకింగ్‌లో పరిచయం. ఆంటీ అని పిలిచేదాన్ని. ఏం పని చేసేవారని అప్పటిదాకా ఎప్పుడూ అడగలేదు.

నా కథ అయిపోయాక అందరూ చప్పట్లు కొట్టారు. ఆవిడా కొట్టింది. తిరిగొచ్చి కార్ పార్క్ చేశాక, దిగకుండా, మెల్లగా అంది.

“కథ బాగుందమ్మా. కానీ వాళ్లు తాళ్లు పేనేవాళ్లు కాదు. అది పడుగు. నేతగాళ్లు పడుగుకి గంజి పెడుతున్నారు.”

“మ్యూజియం వాళ్లే అలా రాశారాంటీ,” అన్నాను.

“రాసినాయన నేయలేదు కదా.”

అప్పుడు తెలిసింది, ఆవిడ నేతపని చేసే ఇంట్లో పుట్టిందనీ, చూపు మందగించేదాకా ముప్పై ఏళ్లకి పైగా మగ్గం మీద కూర్చుందనీ. నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అనుమతులన్నీ సరిగ్గా చూసుకున్నాను, పేర్లన్నీ సరిగ్గా వేశాను. ఆ మనుషులు చేస్తున్న పనేమిటో మాత్రం ఎవర్నీ అడగలేదు. ఆఫీస్‌లో ఎవరైనా అలా చేస్తే ఒప్పుకునేదాన్ని కాదు.

మర్నాడు ఆవిణ్ణి మా ఇంటికి రమ్మని, లాప్‌టాప్‌లో ఆ ఫొటో పెద్దది చేసి చూపించాను. వాళ్ల చేతుల్లో ఉన్నవి వెడల్పాటి కుంచెలని చూపించింది. నేసేటప్పుడు నిలువునా ఉండే దారాలే పడుగు. మగ్గం మీద రాపిడికి అవి తెగిపోకుండా ముందు వీధిలో చాపి గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఆరబెట్టాలి. ఎండ ముదిరితే గంజి సరిగా పట్టదు. “నీడలు ఎంత పొడుగున్నాయో చూడు, పొద్దున్నే తీసిన ఫొటో ఇది,” అంది. నేను ఆ ఫొటోని నెలన్నరగా చూస్తున్నాను, నీడలు గమనించలేదు.

ఎనిమిదేళ్లప్పుడు వాళ్ల వీధిలో తన పని మేకల్ని తోలడమట. గంజి వాసనకి మేకలొచ్చి దారాలు నాకేవి. ఒకసారి తను ఆటలో పడి చూసుకోకపోతే ఒక మేక అడ్డంగా దూకి చాలా పోగులు తెంపేసింది. వాళ్ల నాన్న కొట్టలేదు, తిట్టలేదు. తెగిన పోగులన్నీ తనచేతే ఒక్కొక్కటీ ముడి వేయించాడు. మధ్యాహ్నం అన్నం వేళ దాటిపోయింది. ముడి వేయడం ఆ రోజే వచ్చిందని చెప్పి, గాల్లోనే రెండు వేళ్లతో వేసి చూపించింది.

కథ మళ్లీ చేద్దాం, మీరే చెప్పండి అని అడిగాను. వారం ఆలోచించుకుని సరేనంది. హీటర్ చప్పుడు రికార్డింగ్‌లో పడుతోందని, బట్టల అలమరాలో చలికోట్ల మధ్య స్టూల్ వేసి కూర్చోబెట్టాను. ఫోన్ నేను పట్టుకున్నాను. పదకొండు నిమిషాలు ఆగకుండా చెప్పింది. ఓడలు తీసేశాం. అలల చప్పుడు తీసేశాం. దారాలకి నేను వేసిన నీలం రంగు కూడా తీసెయ్యమంది.

పదకొండు నిమిషాల్ని మూడుకి తగ్గించడంలో ఒక్కచోటే ఇద్దరికీ పేచీ వచ్చింది. ఆడవాళ్లు ఇళ్లలో కూర్చుని అడ్డంగా నేసే దారాన్ని రాట్నం మీద కండెలకి చుట్టే సంగతి ఫొటోలో లేదు కాబట్టి నేను కత్తిరించాను. ఆవిడ ఒప్పుకోలేదు.

“ఫొటోలో మేం లేము. నేనూ చెప్పకపోతే అసలే లేమనుకుంటారు.”

మేకల భాగం కొంత తగ్గించి దాన్ని తిరిగి పెట్టాను.

లైబ్రరీ సైట్‌లో పెట్టే ముందు ఒక ఫారం నింపాలి. ఈసారి అనుమతి ఇవ్వాల్సింది ఆవిడ. మీ గొంతు ఎవరైనా ముక్కలు చేసి ఇంకో బొమ్మ కింద పెట్టొచ్చు, వ్యాపారానికి వాడొచ్చు, వద్దంటే వద్దని రాయొచ్చు అని విడమరిచి చెప్పాను. ఆ ఫొటో తీసినవాళ్లు తాళం వేసి దాచుకుంటే తను చూసేదే కాదు కదా అంది ఆవిడ. వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, కానీ తన పేరూ తన వీధి పేరూ చెప్పాలి అని రాయించి సంతకం పెట్టింది.

మ్యూజియంకి కూడా ఉత్తరం రాశాను. కొన్ని వారాలకి మర్యాదగానే జవాబొచ్చింది. ఈ వివరానికి ఆధారమేమిటని అడిగారు. పుస్తకాలేవైనా వెతకమంటారా అని ఆంటీని అడిగితే, కుంచె పట్టే పద్ధతీ నీడల సంగతీ రాయమంది. రాశాను. ఆవిడ ఇండియా తిరిగి వెళ్లిపోయాక, ఆకులు రాలే రోజుల్లో, ఆ ఫొటో కింది రాత మారింది. ‘బహుశా పడుగుకి గంజి పట్టిస్తున్న నేతగాళ్లు’ అని వేశారు. ఫోన్ చేసి చెప్తే సంతోషించింది. బహుశా ఎందుకు పెట్టారని మాత్రం అడిగింది.

చలికాలంలో అల్ఫారెట్టాలో ఉండే నా స్నేహితురాలు ఒక వీడియో పంపింది. ఎవరో ఆన్‌లైన్‌లో చీరలు అమ్మేవాళ్ల ప్రకటన. ఒక అమ్మాయి కొంగు తిప్పుతూ నడుస్తుంటే వెనకాల ఆంటీ గొంతు వినిపిస్తోంది, పొద్దున్నే వీధిలో పడుగు చాపడం గురించి. పేరు లేదు, వీధి లేదు. నేను తెచ్చిపెట్టిన పనే కదా అనుకున్నాను. రెండు రోజులు ఆగి, ఆవిడకి ఫోన్ చేసి చెప్పి వీడియో పంపాను.

మర్నాడు తనే ఫోన్ చేసింది. “గొంతు వాడుకుంటే వాడుకున్నార్లే, మనమే వాడుకోమన్నాం. పేరు వెయ్యమని రాయి. దానికంటే, ఆ చీర మగ్గం మీద నేసింది కాదమ్మా, మరమగ్గం చీర. కొంగు తిప్పినప్పుడు వెనకవైపు చూడు, దారాలన్నీ కత్తిరించి ఉన్నాయి.”

ఆ కొట్టు వాళ్లకి రెండు విషయాలూ రాశాను. జవాబు రాలేదు. మూడు రోజుల తర్వాత వీడియో మాయమైంది. నాకు హాయిగా అనిపించింది. ఆవిడకి అనిపించలేదు. తీసెయ్యమని మనం అడగలేదు, సరిచెయ్యమన్నాం అంది. ఇకనుంచైనా అనుమతి మార్చేద్దామా, ఇప్పటికే తీసుకున్నవాళ్లని ఆపలేం గానీ కొత్తవాళ్లకి వద్దని చెప్పొచ్చు అన్నాను. అవసరం లేదంది.

తర్వాతి వారం నా ఫోన్‌కి నాలుగు నిమిషాల వాయిస్ మెసేజ్ వచ్చింది. మగ్గం చీరనీ మరమగ్గం చీరనీ ఎలా పోల్చుకోవాలో వరసగా, తడబడకుండా చెప్పింది. చివర్లో తన పేరూ వీధి పేరూ తనే చెప్పుకుంది. ఇక నేను వేయనక్కర్లేదన్నమాట. దీన్నీ ఒక కథగా చేస్తున్నాం. దీనికి పాత ఫొటోలు సరిపోవు, దగ్గర నుంచి తీసినవి కావాలి. ఆవిడ అక్కడి చేనేత సొసైటీకి వెళ్లి తనే తీసి పంపుతోంది. నిన్న తొమ్మిది వచ్చాయి. నాలుగు బాగున్నాయి. మిగతా వాటిలో వేలు అడ్డొచ్చింది, మళ్లీ తీయమన్నాను.