మూడు దినాల పెన్‌డ్రైవ్

అసూయను గురించి ముప్పై ఏళ్లకు పైగా తరగతి గదుల్లో వ్యాఖ్యానం చెప్పాను. ఏ పాత్ర ఎందుకు అసూయపడిందో, దానివల్ల ఏ వంశం ఎలా చెడిందో విడమరచి చెప్పేవాణ్ని. అది నా ఇంటి గడపలోకి, అదీ పాలు పోసే ఆమె వెంట వస్తుందని మాత్రం ఊహించలేదు.

ఉద్యోగ విరమణ తరువాత నాకు లినక్స్ మీద మమకారం కలిగింది. వెల లేకుండా లభించే కంప్యూటరు వ్యవస్థ అది. ఎవరైనా దాని లోపలి రాతను చదివి, సవరించి, మరొకరికి ఇవ్వవచ్చు. మన ప్రాచీన గ్రంథాలు చేతినుండి చేతికి, ప్రతినుండి ప్రతికి నడిచివచ్చిన పద్ధతి అందులో కనిపించి మురిసిపోయాను.

శంషాబాదులో మా కాలనీ చదువుల గదిలో ఆరు పాత కంప్యూటర్లు ఉండేవి. వాటిలో ఉన్న వ్యవస్థకు ఇకపై కంపెనీనుండి మరమ్మతులు (అప్‌డేట్లు) రావని తెలిసి, కాలనీ సంఘంవారు వాటిని తుక్కుకు వేయాలనుకున్నారు. లినక్స్ పెడితే అవి ఇంకా చాలాకాలం పనిచేస్తాయని నాకు తెలుసు. వాటిని నిలపాలని, నిలిపినవాణ్ని నేనే కావాలని కోరుకున్నాను. ఈ రెండు కోరికల్లో ఏది పెద్దదో అప్పట్లో తూచి చూసుకోలేదు.

ఏడాదిపాటు ప్రతి సమావేశంలోనూ ప్రసంగించాను. నేను స్వేచ్ఛ అనేసరికి నెత్తిమీదికి విమానం వచ్చేది. ఆ మోత దాటిపోయేవరకు చెయ్యెత్తి ఆగేవాణ్ని. ఎత్తిన ఆ చేతిని సెలవుగా భావించి ఇద్దరు ముగ్గురు లేచిపోయేవారు. మిగిలినవారికి నా నియమం చెప్పేవాణ్ని: చదువుల గదిలోనైనా, వారి ఇళ్లలోనైనా పాత వ్యవస్థను సమూలంగా చెరిపివేసిన తరువాతే కొత్తది పెడతాను. దీక్ష పుచ్చుకునేవాడు వెనక్కి చూడకూడదు కదా.

బస్సు కండక్టరుగా పనిచేసి ఇంట్లో కూర్చున్న పొరుగాయన ఒకనాడు లేచి, "సార్, మా మనుమరాలి ఫోటోలన్నీ మా ఇంటి కంప్యూటర్లనే ఉన్నయ్. అవి పోయినంక మీ స్వేచ్ఛను పట్టుకొని నేనేం జెయ్యాలె?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వు అజ్ఞానమని తీర్మానించి ఇంటికి వచ్చాను.

మహేశ్వరం వైపు పల్లెనుండి స్కూటీ మీద వచ్చి మాకు పాలు పోసే ఆమె, ఒక ఉదయం వరండాలోని నా కంప్యూటరును చూసి ఆగింది.

"సార్, మీది గింత జల్ది ఎట్ల తెరుచుకుంటది? మాది తెరుచుకునేలోపల రెండు బర్రెల పాలు పిండొచ్చు."

తమ పల్లె మహిళా సంఘం కంప్యూటరులో తీర్మానాలు రాసే పని ఆమెదే. ఏడాది ప్రసంగాలకు దొరకని శిష్యురాలు పాలక్యానుతో దొరికింది. రెండు నెలలు రోజూ ఒక అరగంట చెప్పాను. పెన్‌డ్రైవులో వ్యవస్థను పెట్టి, పాతదాన్ని తాకకుండా దానినుండే కంప్యూటరును నడిపి చూడవచ్చునని కూడా చెప్పాను. కాని అది ధైర్యం లేనివారి మార్గమని తీసిపారేశాను.

ఆమె దానినే పట్టుకుంది. పాలు పోసే ఇళ్లన్నింటికీ పెన్‌డ్రైవు తీసుకువెళ్లింది. మా పక్కింటి గుమ్మంలో ఆమె మాటలు నా చెవిన పడ్డాయి.

"బర్రెను కొనేటప్పుడు మూడు పూటలు మన చేత్తోని పాలు పిండి చూస్తం గదా. తన్నుతదో, చేపుతదో ఎరుకైతది. గిది గూడ గంతే అక్కా. మీ పాతది యాడికి పోదు. మూడు దినాలు వాడుండ్రి, నచ్చకపోతే పీకి నా చేతుల వెట్టుండ్రి."

నేర్పేటప్పుడు నేర్చుకునేవారి వెనుక చిన్న పీట వేసుకుని, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. వారు ఎంత తడబడినా మౌసును తాకేది కాదు. నేనైతే మొదటి తప్పుకే మౌసు లాక్కునేవాణ్ని.

నెల తిరగకముందే కండక్టరు నన్ను వీధిలో ఆపాడు. "ఏం సార్, గింత సులువని మీరు చెప్పనే లేదు! ఫోటోలు ఏడియాడనే ఉన్నయ్."

ఆ రాత్రి అన్నం సహించలేదు. మరునాటినుండి పాలు పలుచగా ఉన్నాయని వంకపెట్టడం మొదలుపెట్టాను. మా ఆవిడ గ్లాసు నా ముందు పెట్టి, "పాలు నిన్నటోలెనే ఉన్నయ్. మీ నోరే మారింది" అన్నది.

చివరికి కాలనీ సంఘంవారు కంప్యూటర్లను ఉంచాలని తీర్మానించారు, ఆదివారాలు నేర్పవలసిందని ఆమెను కోరారు. నన్ను మొదటి వరుసలో కూర్చోబెట్టి శాలువా కప్పారు. నా భుజాలమీద ఎన్నడూ అంత బరువైన వస్త్రం పడలేదు.

ఆనాడే ఆమె ఒక్కొక్క యంత్రంలో వ్యవస్థను నింపింది. అయిదు లేచాయి. ఆరవది పెన్‌డ్రైవును గుర్తించలేదు. ఆమె రెండుసార్లు ప్రయత్నించి నావైపు తిరిగింది.

"సార్, గిది ఎందుకు లేస్తలేదు? మీకు ఎరుకుంటది."

నాకు తెలుసు. యంత్రం మొదలయ్యే క్షణంలో కీబోర్డు మీద ఒక మీట నొక్కి, వచ్చే పట్టికలో పెన్‌డ్రైవును ముందుకు జరిపితే చాలు. ఆ ఒక్క సంగతి ఆమెకు నేర్పలేదు.

"దాని ఆయువు తీరిందమ్మా" అన్నాను.

సంఘం కార్యదర్శి దానిని తుక్కులో వేద్దామన్నాడు. విడిభాగాలకు పనికివస్తుందని చెప్పి ఆటోలో ఇంటికి తెచ్చుకున్నాను. మీట నొక్కి, పట్టిక సరిచేశాను. చక్కగా లేచింది. నా విజయాన్ని చూడడానికి గదిలో నేను తప్ప ఎవరూ లేరు.

తరువాతి ఆదివారం కిటికీ బయట నిలబడి చూశాను. అయిదు కుర్చీలు నిండి ఉన్నాయి. విమానాశ్రయంలో శుభ్రం చేసే పనిలో ఉన్న ఒక యువతి, యూనిఫాంలోనే, గోడకానుకుని తన వంతు కోసం చూస్తోంది. చాలాసేపు నిలబడింది. చివరకు గడియారం చూసుకుని, చెప్పులు తొడుక్కుని, డ్యూటీ బస్సుకు పరుగెత్తింది. ఆమె నా పక్కనుండే వెళ్లింది. తనకు అందవలసిన ఆరవ యంత్రం నా ఇంట్లో ఉన్నదని ఆమెకు తెలియదు.

మరు ఆదివారం ఆ యంత్రాన్ని తిరిగి తీసుకువెళ్లాను. బల్లమీద పెట్టి, పాలావిడతో, "ఇది ఆనాడే లేచేదమ్మా. కావాలనే చెప్పలేదు" అన్నాను.

"ఎరుకనే సార్. ఆ దినం మీరు గోడ దిక్కు జూసుకుంట చెప్పిండ్రు" అని, మీట సంగతి అడిగి తెలుసుకుని, మరొకరి వెనుక పీట వేసుకుంది. తెలిసీ నలుగురిలో నన్ను బయటపెట్టలేదు. అందులోనూ నాకన్న ముందున్నదని మళ్లీ కడుపు మండింది.

యూనిఫాం అమ్మాయి ఆరవదాని ముందు కూర్చుని ఏదో దరఖాస్తు టైపు చేసింది. "సార్, రాసింది పోకుంట ఎట్ల దాచాలె?" అని అడిగింది. నేను తాళపత్రాల నుండి మొదలుపెట్టాను. రెండు వాక్యాలు మర్యాదగా విన్నది.

"అక్కా, జర గిటు రావా? నాకు బస్ టైమైతుంది."

పాలావిడ పీట మీదినుండి లేచింది. ఆమె రెండు అడుగులు వేసేలోగా నేను వంగి, ఏ రెండు మీటలు కలిపి నొక్కాలో గబగబా చెప్పేశాను.

"వద్దులే అక్కా, అయింది" అన్నది అమ్మాయి.

పాలావిడ ముఖం ఎలా ఉన్నదో నేను చూడలేదు. అమ్మాయికి ఇంకేమైనా అడగాలని ఉన్నదేమోనని అక్కడే నిలబడ్డాను.