నీలానికి నేర్పిన ఒక్క మాట

ఆ రోజుల్లో ఫోనులో చూసి నేర్చుకోలేని విద్య ఈ భూమ్మీద లేదని నాకు గట్టి నమ్మకం. పులిహోర కలపడం ఫోనులో చూసే నేర్చుకున్నాను (తిన్నవాళ్లు ఇప్పటికీ ఆ సంగతి ఎత్తుతారు). స్కూటీ నడపడం సగం ఫోనులో చూసి, మిగతా సగం కిందపడి నేర్చుకున్నాను. అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. మామిడి తోటలకు ఏ పురుగు పడితే ఏ మందు కొట్టాలో రైతులకు చెప్పే చిన్న సర్కారు ఉద్యోగం వచ్చి, పుత్తూరు పక్క పల్లె నుంచి చంద్రగిరికి వచ్చి పడ్డాను. బస్సెక్కితే రెండు గంటల్లో మా ఇల్లు. అయినా ఏదో దేశాలు పట్టిపోయినదానిలా రోజూ సాయంత్రం గదిలో కూర్చుని ఏడ్చేదాన్ని. తోటకు పోతే రైతులు నన్ను ఎగాదిగా చూసి, మీ సారు రాలేదా పాపా అని అడిగేవాళ్లు. ఆ సారు నేనే అని చెప్పి నమ్మించేసరికి సగం పొద్దు గడిచిపోయేది. రాత్రి అమ్మకు ఫోను చేసి, ఉద్యోగం బాగుంది కానీ, ఊరు బాగుంది కానీ, అని మొదలుపెట్టి, ఆ తర్వాత ఏం చెప్పాలో తెలియక ముక్కు ఎగబీల్చేదాన్ని. రాజీనామా కాగితం రాసేసి, తేదీ మాత్రం వెయ్యకుండా బ్యాగులో పెట్టుకుని తిరిగేదాన్ని.

నేనుండే గది మేడ మీద. కింద ఇంటివాళ్లుండేవాళ్లు. ఇంటాయన హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి, వీధంతా ఆయన్ని పెద్దసారనే పిలిచేది. ఆయన భార్యను నేను పెద్దమ్మా అనేదాన్ని. పెద్దసారు చెడ్డమనిషి కాదు. కాకపోతే ఆయన నోట మెప్పు తోక లేకుండా వచ్చేది కాదు. ముగ్గు బాగుండాది, కానీ చుక్కలు వంకర. వాన మంచిదే, కానీ రావాల్సినప్పుడు రాలేదు. చివరికి పెద్దమ్మ చేసిన సాంబారు కూడా బాగుండాది, కానీ... అని ఆగి, ముద్ద చేతిలో పట్టుకుని తప్పు కోసం వెతికేవాడు. జీవితమంతా పరీక్ష పేపర్లు దిద్దిన చెయ్యి మరి, ఊరికే ఉండమంటే ఉంటుందా? నేను ఆ గదిలో దిగిన రోజే, పిల్ల నెమ్మదస్తురాలే కానీ స్కూటీ వంకరగా పెట్టింది అని నాకూ ఒక మార్కు తగ్గించాడు.

మామిడి సీజను చివర్లో, నీలం రకం కాయలు మండీకి వచ్చే రోజుల్లో, లెక్కల పని మీద కాయలు వేలం వేసే ఒక మండీకి వెళ్లాను. అక్కడ ఖాళీ క్రేట్ల వరసలో, ఒక క్రేటు అడుగున రెండు మెత్తబడ్డ కాయల మధ్య ఒక కుక్కపిల్ల నిద్రపోతోంది. గోధుమ రంగు, ఒక చెవి నిలువు, ఒక చెవి వాలు. మండీ కాపలా తాత నా మొహం చూసి, నేను అడగకుండానే అన్నాడు.

"తీస్కపోమ్మా. ఈడుంటే ఏదో ఒగ పొద్దు లారీ కింద పడి సస్తాది."

నేను మారుమాట లేకుండా చున్నీలో చుట్టుకుని తెచ్చేశాను. నీలం అని పేరు కూడా దారిలోనే పెట్టేశాను (ఇందులో నీలం యాడుండాదని అడగని మనిషి లేడు. అందరికీ మామిడికాయల కథంతా చెప్పుకోవాల్సి వచ్చేది). ఆ సాయంత్రం మొదటిసారి నేను ఏడవలేదు. దాన్ని ఒళ్లో పెట్టుకుని, రైతులు పాపా అంటున్నారన్న బాధంతా చెప్పుకున్నాను. అది శ్రద్ధగా విని, నా ఒళ్లోనే తడిపేసింది.

మెట్ల మీద తడి చూసి పెద్దసారు పైకి వచ్చాడు. కుక్కపిల్లని చూశాడు, నన్ను చూశాడు. కుక్కపిల్ల ముద్దుగానే ఉండాది, కానీ ఇది సంసారులుండే కొంప, పది రోజులు సూస్తాను, పదకొండో రోజు ఆదివారం నేనే పైకి వస్తాను, ఒక్క చుక్క మరక కనబడినా, వాసనొచ్చినా, అది మండీకి తిరిగిపోవాల్సిందే అని తీర్పు చెప్పి దిగిపోయాడు. నేను తలుపేసుకుని నీలాన్ని గుండెకు హత్తుకున్నాను. అది పోతే నేనూ పోతాను, కాగితం మీద తేదీ వేసి ఆఫీసులో పడేస్తాను అని ఆ రాత్రే తీర్మానించుకున్నాను. పది రోజుల్లో ఒక కుక్కపిల్ల ఉచ్చ పోసే పద్ధతి మీద నా బతుకు ఆధారపడింది.

ఇంకేముంది, ఫోను తీశాను. ఎవరో దొరసాని ఇంగ్లీషులో చెబుతోంది. రాత్రిపూట కుక్కపిల్లని క్రేటులో పెట్టాలట, పడుకునే చోటు అది పాడుచేసుకోదట. అంతవరకు విన్నానో లేదో ఆ రోజు డేటా అయిపోయింది. అయిపోతే పోనీ, మనకు తెలియని క్రేటా? మా జిల్లాలో క్రేటంటే చంటిపిల్లకు కూడా తెలుసు. టమోటాలు పోసేదీ, మామిడికాయలు పోసేదీ, పెళ్లిలో కుర్చీ చాలకపోతే బోర్లించి కూర్చునేదీ అదే. మర్నాడే మండీ నుంచి ఒకటి తెచ్చాను. రాత్రి మా పల్లెలో కోళ్లకు గంప కప్పినట్టు నీలం మీద ఆ క్రేటు బోర్లించి, ఎంత సులువు అనుకుంటూ పడుకున్నాను. కోడికీ కుక్కకూ తేడా ఉందని అర్ధరాత్రి తెలిసింది. గంప కింద కోడి కూర్చుంటుంది. కుక్కపిల్ల కూర్చోదు, గంపతో సహా బయల్దేరుతుంది. కళ్లు తెరిచేసరికి క్రేటు దానంతటది గది చుట్టూ తిరుగుతోంది, నాపరాళ్ల మీద బర్రు బర్రుమని చప్పుడు. నేను వెంటపడి పట్టుకునేలోపు అది తలుపు దాకా వెళ్లి, గోడకు గుద్దుకుని, వెనక్కి తిరిగి వంటగట్టు వైపు సాగింది. వెళ్లిన దారంతా తడి. పొద్దున పెద్దమ్మ పాలు తెచ్చిస్తూ నన్ను జాలిగా చూసింది.

"రాత్రంతా మంచం యాడికి జరుపుకుంటా పోయినావమ్మా? తిరుపతి దాకా పోయినట్టుండావే."

మర్నాడు కొత్త డేటాతో మిగతా పాఠం చూస్తే, ఆ దొరసాని క్రేటుకు తలుపు ఉంది. అది జైలు కాదు, దాని సొంత ఇల్లు అనిపించాలట. ఈ సంగతి చెబితే మండీ తాత పడీపడీ నవ్వి, విరిగిన క్రేటు ఒకటి పక్క కోసి తలుపు చేసి, ఇంకోదాని మీద బోర్లించి తీగతో కట్టి, చిన్న ఇల్లే తయారుచేశాడు. లోపల మా అవ్వ పాత చీర పరిచాను. తిండి లోపలే పెట్టాను. మూడు రోజులు తలుపు తెరిచే ఉంచాను. నాలుగో రోజుకు నీలం పిలవకుండానే లోపలికి పోయి, చీరలో ముక్కు దూర్చి నిద్రపోయింది. నేను దాని పక్కనే కింద చాప వేసుకుని, క్రేటు సందుల్లోంచి వేలు లోపలికి పెట్టి పడుకునేదాన్ని. ఎవరు ఎవరికి తోడో నాకే తెలిసేది కాదు.

ఇక మిగిలింది రాత్రి బయటికి తీసుకుపోవడం. ఎప్పుడూ ఒకే చోటుకు తీసుకుపోవాలి, ఎప్పుడూ ఒకే మాట చెప్పాలి, పని అయ్యాక మెచ్చుకోవాలి. చోటు దొరికింది, పెరట్లో మునగచెట్టు మొదలు. మాట కోసం నేను వెతకనే లేదు, అదే నోటికి వచ్చింది. చిన్నప్పుడు రాత్రిళ్లు ఒంటికి పోవడానికి నాకు భయమైతే అవ్వ టార్చిలైటు పట్టుకుని వాకిట్లో నిలబడి, కానీ తల్లీ, కానీ, నేనుండాను గదా, అనేది. ఆ టార్చి వెలుతురు నా చుట్టూ ఉన్నంతసేపు నాకు ఏ దయ్యం గుర్తుకొచ్చేది కాదు. అవ్వ పోయి అప్పటికి ఆరేళ్లు. మునగచెట్టు కింద, చినుకుల్లో, ఒక చేత్తో గొడుగూ ఒక చేత్తో ఫోను లైటూ పట్టుకుని, పెద్దసారు కిటికీకి వినబడకుండా నేను గుసగుసగా అదే మాట అన్నాను. కానీ తల్లీ, కానీ. నీలం నా మొహంలోకి చూసి, రెండు చుట్లు తిరిగి, కానిచ్చింది. ఉడికించిన శెనక్కాయ గింజ నోట్లో పెట్టి, దాని నెత్తి మీద ముద్దు పెట్టుకున్నాను. పదకొండు గంటలకు ఒకసారి, రెండు గంటలకు ఒకసారి, అయిదింటికి ఒకసారి. తొమ్మిదో రాత్రికి అది ఎంత నేర్చిందంటే, కానీ అని నా నోట వచ్చీ రాకముందే పని అయిపోయేది. కలెక్టరు పరీక్ష పాసైనంత గర్వంగా మెట్లెక్కాను. (ఇంత చదువుకున్నదాన్ని, ఆ మాటను ఆ ఇంట్లో ఇంకెవరు ఎక్కువగా వాడతారో నాకు ఒక్కసారైనా తట్టలేదు చూడండి.)

ఆదివారం పొద్దున గది రెండుసార్లు కడిగాను. సాంబ్రాణి వేశాను. పెద్దసారు తెల్ల పంచె కట్టుకుని, వెనక పెద్దమ్మతో పైకి వచ్చాడు. పరీక్ష హాల్లో చీటీలు వెతికినట్టు మంచం కింద వంగి చూశాడు, మూలల్లో ఆగి గాలి పీల్చాడు, క్రేటు లోపలి చీర కూడా తడిమి చూశాడు. ఎక్కడా ఏమీ లేదు. నీలం తన క్రేటు ఇంట్లోంచి బయటికి వచ్చి, ఎవరు నేర్పారో గానీ, ఆయన పాదాల దగ్గర బుద్ధిగా కూర్చుంది. ఆయన మొహం మెత్తబడింది.

"ఇల్లు బాగా పెట్టుకున్నావు. వాసన లేదు. పిల్ల గూడా బుద్ధిగా ఉండాది. కానీ..."

నీలం లేచింది, రెండు చుట్లు తిరిగింది, ఆయన కుడి పాదం మీద, పంచె అంచుతో సహా, కానిచ్చింది. ఆపైన శెనక్కాయ గింజ కోసం ఆయన మొహంలోకి ఆశగా చూసింది. ఆయన నిర్ఘాంతపోయి, ఇదేందిది, బాగనే ఉండింది, కానీ... అన్నాడు. పాపం దానికి ఇంకా కొంచెం మిగిలి ఉన్నట్టుంది. అది కూడా సమర్పించింది.

ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే అంతా చెప్పేశాను, దొరసానీ, క్రేటూ, మునగచెట్టూ, అవ్వ టార్చిలైటూ, రైతుల పాపా పిలుపూ, బ్యాగులో తేదీ లేని కాగితంతో సహా. దాని తప్పేం లేదు సార్, అది చెప్పిన మాట చెప్పినట్టే చేసింది, మాట ఎంచుకున్న నాదే తప్పు, పంపిస్తే మమ్మల్నిద్దర్నీ పంపించండి అన్నాను. పెద్దసారు తడిసిన పాదం పైకెత్తి ఒంటికాలి మీద నిలబడి ఆలోచిస్తున్నాడు. అప్పుడు పెద్దమ్మ గోడకు ఆనుకుని కూలబడి, కళ్లనీళ్లు కారేటట్టు నవ్వడం మొదలుపెట్టింది.

"నలభై ఏండ్లుగా ఈయన కానీ అంటే యాడోళ్లు ఆడ నిలిచిపోతా ఉండారు. కానీ అంటే ముందుకు పోయింది ఇదొక్కటేనమ్మా."

పెద్దసారు పాదం కడుక్కుని వచ్చి, నీలం నీళ్లు తాగిన గిన్నె చూసి, ఒక అరగంట ఆగి, దాన్ని తానే ఎత్తుకుని మునగచెట్టు దగ్గరికి తీసుకుపోయాడు. తరగతి గదిలో చివరి బెంచీకి వినబడే గొంతుతో, కానీ, అన్నాడు. అది కానిచ్చింది. ఆయన నా వైపు చెయ్యి చాపాడు. గింజ పెట్టాను. దాని నోటికి అందించి, చాలాసేపు దాని వాలిన చెవి నిమురుతూ ఉండిపోయాడు.

"ఇంతమంది పిల్లోళ్లకు పాఠాలు సెప్పినా, సెప్పింది సెప్పినట్టు ఇన్నదాన్ని ఇప్పుడే సూస్తుండా. ఉండనీమ్మా. నువ్వు గూడా ఉండు. రైతులు పాపా అని ఎన్నిరోజులంటారు, రొండు మామిడి కాపులు గడిస్తే మేడమంటారు."

అంతే, తోక లేదు. నేను ఎదురుచూశాను, పెద్దమ్మ కూడా ఎదురుచూసింది, అయినా రాలేదు. ఆ రాత్రి అమ్మకు ఫోను చేసి ఉద్యోగం బాగుంది అన్నాను. ఆ తర్వాత ఏమిటే అని అమ్మ అడిగింది. ఏమీ లేదమ్మా, బాగుంది అన్నాను. రాజీనామా కాగితాన్ని మడతపెట్టి, కదులుతున్న క్రేటు మూల కింద ఎత్తుకు పెట్టాను. చక్కగా సరిపోయింది.

ఆ ఇంట్లో ఆ రోజునుంచి ఆ మాట మునగచెట్టుకు వదిలేశాం. పెద్దసారుకే కష్టమైంది పాపం. ముగ్గు బాగుండాది అనేవాడు, నోరు ఇంకా తెరిచే ఉండేది, కింద నీలం చెవులు నిక్కబెట్టేది, ఆయన నోరు మూసుకునేవాడు. సాంబారు బాగుండాది అన్న మాట కూడా అలాగే సగంలో ఆగిపోయింది ఒక మధ్యాహ్నం. ఆ సంగతి చెప్పడానికి పెద్దమ్మ గరిటె చేత్తోనే పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. నవ్వుతూనే చెప్పింది, అయినా కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఇప్పుడు నేను చిత్తూరులో ఉన్నాను. రైతులు మేడమనే అంటారు. నీలానికి ఏడేళ్లు, క్రేటు ఎప్పుడో చాలక వదిలేసింది, అవ్వ చీర ముక్క మీద మాత్రం ఇప్పటికీ పడుకుంటుంది. నా కింద కొత్తగా చేరిన అమ్మాయి ఒకతె మొన్న మొదటి రిపోర్టు రాసి, బిక్కమొహం పెట్టుకుని నా ముందు నిలబడింది. చదివాను. బాగా రాశావమ్మా అన్నాను. ఆ పై మాట కూడా నాలుక చివరిదాకా వచ్చేసింది, అప్పుడు నాకే తెలియకుండా తల వంచి బల్ల కింద నా పాదాలు చూసుకున్నాను. ఆ అమ్మాయి ఇంకేదో వినడానికి నిలబడే ఉంది. అంతేనమ్మా, బాగుంది, పో, అన్నాను.