గంజి పెట్టిన టోపీ

పన్నెండేళ్లుగా ఒక లేసు టోపీ నా గుండెల మీద కూర్చుని ఉంది. గుప్పిట్లో ఇమిడిపోయేంత టోపీ. నేనెవరో మీకు తెలియదు కాబట్టి చెబుతున్నాను.

నాకు పాత గుడ్డబొమ్మల పిచ్చి. జానపద వేషాల్లో ఉన్నవైతే మరీను. మా యానాంలో ఒకప్పుడు ఫ్రెంచివాళ్ల ఇళ్లలో పనిచేసిన కుటుంబాల దగ్గర అలాంటివి ఒకటీ అరా మిగిలాయి. నా దగ్గరున్న ఫ్రాన్సు పల్లెపడుచు బొమ్మకు అన్నీ ఉన్నాయి, తలమీద టోపీ తప్ప. మా వీధిలో మరియమ్మ పిన్నిగారి బొమ్మకు అదీ ఉంది. అది వాళ్లమ్మ ఇచ్చిన బొమ్మ. అందులో తల్లి వాసన ఉందని ఆవిడ నమ్మకం. అందుకే ఎవరినీ ఉతకనిచ్చేవారు కాదు.

దాని చిరిగిన గౌను కుట్టి ఇస్తానని ఆ బొమ్మను అడిగి తెచ్చుకున్నాను. గౌను కుట్టాను. టోపీకి నకలు కూడా కుట్టి, టీనీళ్లలో ముంచి పాతదానిలా చేసి, అసలుది ఉంచేసుకున్నాను. అక్కడితో ఆగానా? లేసు నిలబడాలని ఆ నకలుకు అలవాటుకొద్దీ గంజి పెట్టాను. ఎంత తెలివో నాది.

పిన్నిగారు చర్చికి వెళ్లిన సమయం చూసి బొమ్మను కోడలు సుజాత చేతికిచ్చి వచ్చేశాను. రెండ్రోజులకు కబురొచ్చింది. వెళ్లేసరికి ఆవిడ టోపీని ముక్కు దగ్గర పెట్టుకుని ఉన్నారు.

"గంజి వాసనొత్తంది. మా అమ్మ వాసన పోయింది. నువ్వే ఉతికేసుంటావ్," అన్నారు కోడలితో. ఆ ఇంట్లో దిండుగలీబులకు కూడా గంజి పెట్టేది సుజాతే మరి. బొమ్మల విలువ తెలిసిన నామీద అనుమానమెందుకు వస్తుంది?

"నేను ముట్టుకోలేదండత్తయ్యా. మీరైనా చెప్పండక్కా," అంది సుజాత నావైపు తిరిగి.

నేనేం చెప్పాను? "పోనీలెండి పిన్నిగారూ, తెలీక ఉతికేసుంటుంది."

దొంగతనం కంటే ఆ మాటే నన్ను తినేస్తోంది. పిన్నిగారు మళ్లీ కోడలిని తన బీరువా తెరవనివ్వలేదు. మంచాన పడ్డాక కూడా బట్టలు నాచేతే తీయించుకున్నారు. సుజాతేమో, ఆ రోజు తిట్లు పడకుండా నేనే అడ్డుపడ్డానని ఇప్పటికీ పులస పులుసు పంపిస్తుంది. చిరాకేస్తుంది. ఆ చిరాకు నామీదే అనుకునేదాన్ని, కానీ ఇంత మంచిగా ఉంటే నిజం ఎలా చెప్పనని ఆమె మీద కూడా విసుక్కుంటున్నానని, తప్పు చేసినదాన్ని నేనై ఆమె మంచితనాన్ని సాకు చేసుకుంటున్నానని ఈమధ్యే అర్థమైంది.

పిన్నిగారు చనిపోయిన నెల రోజులకు సుజాత ఆ బొమ్మ తెచ్చి నా ఒళ్లో పెట్టింది. "పోయేదాకా నన్ను నమ్మలేదక్కా. దీన్ని చూత్తే అదే గుర్తొత్తంది. మీరే ఉంచుకోండి."

అప్పుడైనా నోరు విప్పొచ్చు కదా? బొమ్మ తీసుకున్నాను.

సుజాత ఆ టోపీని ముట్టుకోలేదు. మార్చింది నేను. వినాల్సిన మనిషి నాలుగిళ్ల అవతల ఉంటే మీకు చెబుతున్నాను. అయినా కాస్త ఊపిరాడుతోంది. దానికీ సిగ్గుగానే ఉంది.