కొత్త బట్టలు లేని క్రిస్మస్

మా సండే స్కూల్ టీచరమ్మ భర్తకు జనరల్ బజార్‌లో చీరల కొట్టు ఉండేది. అయినా ఆమె ప్రతి క్రిస్మస్ ఆరాధనకూ ఉతికి ఇస్త్రీ చేసిన పాత నీలం చీరలోనే వచ్చేది. కార్ఖానా బస్తీలోని మా చర్చి సంఘంలో కొత్త బట్టలు లేని పిల్లలు ఆ రోజు మొహం చాటేసేవారు. వాళ్ల కోసమే ఆ చీర అని మా నాన్నకు పని పోయిన ఏడాది నాకు తెలిసింది.

పాత గౌనుతో చర్చి మెట్ల దగ్గరే ఆగిపోయిన నన్ను ఆమె చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, పాడే పిల్లల ముందు వరుసలో నిలబెట్టింది. సంఘ పెద్ద గబగబా వచ్చాడు.

“వీడియో తీస్తున్నరమ్మా, ఈ పిల్లను జెర వెనకకు పంపు. నువ్వు సుత పండుగ పూట గిదేం చీర? మీ కొట్ల సరుకంత అమ్ముడుపోయిందా?”

“సరుకు మస్తుగున్నది అన్నా. యేసయ్య పుట్టింది పశువుల పాకల, మా కొట్ల గాదు. ఆ గొర్రెల కాపరులు కొత్త బట్టలు కుట్టిచ్చుకొని పోయిన్రా?”

“అది వేరే, ఇది వేరే.”

“అయితే ఇద్దరం వెనకకే పోతం. పాట నువ్వే ఎత్తుకో.”

ఆయనకు పాట రాదు. కెమెరా వైపు ఒకసారి చూసి, వెళ్లి తన కుర్చీలో కూర్చున్నాడు. ఆమె నా భుజం మీద చెయ్యి వేసి పల్లవి అందుకుంది. మొదటి చరణం నా గౌను వైపే చూసుకుంటూ మెల్లగా పాడాను. రెండో చరణం అందరికంటే గట్టిగా పాడాను.