ఇంకా దిగని కావలివాళ్లు

మా చిన్నోడు బతికే ఉన్నాడు! ముందు ఈ మాట చెప్పనివ్వండి, తర్వాతే ఏడుస్తాను. చీనావాళ్లతో లడాయికి మంచుకొండల్లోకి పోయినవాడు, లడాయి ఆగిందని రేడియోలో చెప్పాక కూడా జాడ తెలియనివాడు, దవాఖానలో కూర్చొని అన్నం తింటున్నాడట. ఈ కబురు మొన్న మధ్యాహ్నం మా ఇంటికి చేరింది. ఆ పొద్దున్నే మా పటం బావను మట్టిలో పెట్టి వచ్చాం. ఒక్క పూట ఆగి ఉంటే విని పోయేవాడు.

ఆయన నాకు చుట్టం కాదు. ఊరూరా తిరుగుతూ బొమ్మల పటం విప్పి, ఒక్కో బొమ్మ మీద కట్టె ఆనించి కథ చెప్పే మనిషి. మేం మగ్గాల వాళ్లం. మా కులం కథ చెప్పడానికి వేములవాడ పక్కనున్న మా ఊరికి కొన్నేళ్లకోసారి వచ్చి, మా అరుగు మీదే దిగేవాడు. ఎప్పుడో ఒకనాడు నన్ను "బావా" అన్నాడు. అంతే, ఆయన భార్య నాకు అక్క అయిపోయింది. అంబలి తాగేటప్పుడు మీసం తడవకుండా ఎడమచేత్తో పైకెత్తి పట్టుకునేవాడు. నేను నేసిన బట్టను రెండు వేళ్లతో నలిపి చూసి, "గిది బట్టనా బావా, జల్లెడనా? మీ అక్కకియ్యి, పిండి జల్లుకుంటది" అనేవాడు. నవ్వి నవ్వి మా ఇంటామెకు పొలమారేది.

ఈసారి ఆయన వచ్చేసరికి మా ఇంట్లో నవ్వు లేదు. బస్సు చప్పుడైతే మగ్గం మీద పోగు నడిపే నాడె నా చేతిలో ఆగిపోయేది. ఖాకీ బట్ట కనబడితే, అది పోస్టుమాను కానీ, పోలీసు కానీ, లేచి తలుపు చాటుకు పోయి నిలబడేవాణ్ణి. రజాకార్ల దినాల్లో జొన్నచేలో దాక్కున్నప్పుడు కూడా నేను ఇంత భయపడలేదు. అప్పుడు పోతే నా ఒక్కడి ప్రాణమే కదా.

బావ మా ముఖాలు చూశాడు. కులం కథ పటాన్ని పక్కన పెట్టి, తన తాతల నాటిది, మా ఊళ్లో ఎన్నడూ విప్పనిది, మరో పటం తీశాడు. చావులేని కావలివాళ్ల కథ అది. భూమి అంచున, మంచులో ఒక కోట. దానికి ఐదుగురు కావలి. వాళ్లకు చావు రాదని వరం. పొగమంచులోంచి శత్రువులు రోజూ వస్తారు, సాయంత్రానికి చస్తారు, తెల్లారి మళ్లీ లేస్తారు. ఆ యుద్ధం తెగదు. కావలివాళ్లు చావరు గానీ అరిగిపోతారు. ఒకడికి ఈటె పట్టి పట్టి వేళ్లు చాచడం రాదు. ఒకడు తల్లి పేరు మరిచిపోయాడు. అందరికంటే చిన్నవాడు మాటిమాటికి వెనక్కి తిరిగి, "మమ్ముల దించెటోళ్లు ఎప్పుడొస్తరు?" అని అడుగుతుంటాడు. ఎర్రటి పటం మీద వాడి ముఖం, తరతరాల కట్టె తగిలి తగిలి, దాదాపు చెరిగిపోయింది. ఆ చెరిగిన ముఖం చూసి నాకు ఒళ్లు జలదరించింది.

"వద్దన్నా, గీ కథ వద్దు. నాకు భయమైతుంది" అంది మా ఇంటామె.

"భయపడు చెల్లె. ఇంట్ల ఒక్కదానివి కూసోని భయపడుడు కంటె గీడ నలుగుర్ల కూసోని భయపడరాదు?" అన్నాడు బావ.

పొద్దు వాలే వేళకు, అక్క తాళం మోగగానే, వాడకట్టంతా మా అరుగు ముందు చేరేది. అందరం కలిసి భయపడేవాళ్లం. ఎవరిదో పిల్ల నా ఒళ్లోకి పాకి వచ్చి కళ్లు మూసుకునేది. ఆ కాసేపు నా భయం నేను ఒక్కడినే మోసినట్టు ఉండేది కాదు.

ఆ కథకు ఒక కట్టుబాటు ఉంది. పటం చివర, ఆఖరి బొమ్మలో, కావలివాళ్లు కోట దిగుతారు. ఆ బొమ్మ చూపించేదాకా పటం దించి మూట కట్టకూడదు. చూపించాక కథ చెప్పినవాడు ఆ ఊళ్లో ఉండకూడదు. మామూలుగా రెండు మూడు సాయంత్రాల్లో తేలిపోయే కథ. బావ రోజుకు మూరెడు విప్పాడు, తర్వాత జానెడు, ఆ తర్వాత బెత్తెడు. వేరే ఊళ్లవాళ్లు కబురు మీద కబురు పంపినా కదలలేదు. వచ్చిననాటి దగ్గు ముదిరింది. నాకు ఓపిక పోయి ఒకరోజు అడిగేశాను.

"ఏంది బావా, గింత మెల్లగనా? నత్త నయం."

"కథ అయిపోతె కావలోళ్లు దిగుతరు. నేను మూట గట్టుకొని పోవాలె. నీ పోరడు దిగకముందు వాళ్లనెట్ల దింపుత?"

"వాడు దిగకపోతే?"

బావ కట్టె కింద పెట్టాడు. "గది అడగకు బావా. నాకూ భయమే."

ఎంతో మంది "ఏం కాదు, ఫికర్ చెయ్యకు" అన్నారు. వాళ్లు పోగానే ఆ మాటలూ పోయేవి. ఈయన మాట మాత్రం నా దగ్గరే ఉండిపోయింది.

బెత్తెడు పటం మిగిలి ఉండగానే, మొన్న తెల్లవారుజామున, దగ్గి దగ్గి పోయాడు. పటం అట్లాగే దూలానికి వేలాడుతోంది. దాన్ని దించడానికి ఎవరికీ చేతులు రాలేదు. మట్టి చేసి వచ్చి, స్నానాలు చేసి, తడిబట్టలతోనే అరుగు మీద కూర్చున్నాం. అప్పుడు కరీంనగరం బస్సు ఆగింది. ఖాకీ బట్టల్లో ఒక సిపాయి దిగాడు. ఒక్కడే. మా ఇంటామె నా భుజం పట్టుకుంది, గోళ్లు దిగాయి. వచ్చినవాడు మా గడప ముందు నిలబడి నా పేరు అడిగాడు. పొద్దున్నే మొగుణ్ణి సాగనంపిన అక్కే లేచింది.

"ఒక్కనివే వచ్చినవేంది బిడ్డా? మావోడేడి?"

"దవాఖానల నా పక్క మంచమే అవ్వా, ఇంకా నడవలేకపోతుండు. మంచుకు కాలి వేళ్లు రెండు పోయినయ్, గంతే. ఇంట్ల జొన్నరొట్టె యాదికొస్తుందని ఒకటే లొల్లి. దవాఖానల అందర్ని పరేషాన్ జేస్తుండు."

అక్క గట్టిగా నవ్వింది. ఆ నవ్వుతోనే పోయి పటం కింద ఇంకా విప్పని చుట్ట మీద చెయ్యి వేసి నిలబడింది.

"నీ కొడుకు రానీ తమ్మీ. ఆఖరి బొమ్మ నేను జెప్త. ఇన్నేండ్లు పక్కన తాళం గొట్టింది నేనేగా! వాడే ఇప్పాలె పటం."

ఆ బొమ్మను మా ఊళ్లో ఇంకా ఎవరం చూడలేదు. సంతోషంతో కనబడ్డ ప్రతి మనిషినీ పట్టుకొని చెబుతున్నాను. అయినా బస్సు చప్పుడైతే నా చేతిలో నాడె ఆగుతూనే ఉంది. వాడు గడప తొక్కేదాకా అంతే.

వాడొచ్చి పటం విప్పే రోజుకు మావాళ్లంతా ఇక్కడ ఉండాలి. రెండు కబుర్లూ కలిపే చెప్పాలి, మావాడు ఉన్నాడని, బావ లేడని. సిరిసిల్లలో మా చెల్లెకు. బెల్లంపల్లి బొగ్గుబాయిలో పనిచేసే మా పెద్దోడికి. మంచిర్యాలలో మా బిడ్డకు, అల్లుడికి. జగిత్యాలలో మా మేనమామకు, ఆయనకు చెవుడు, గట్టిగా చెప్పాలి. భీవండి మగ్గాలకు పోయిన మా తమ్ముడికి. ఆఖరుకు, మా అరుగు మీద దూలానికి వేలాడుతున్న ఆ ఐదుగురికి. వాళ్లలో ముఖం చెరిగిన చిన్నవాడికి ముందు.